ఉపవాస ప్రార్థనలో చెమటలు, వణుకు... ఇది శోధనా, షుగరా?

ప్రశ్న: నా వయసు 47. రాజోలు దగ్గర లంక గ్రామం మాది. ఆరేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. మాది కౌలు సేద్యం. కోతల వేళ వానకు పనలు తడిసి గింజ మొలకెత్తింది. కౌలు బాకీ, అమ్మాయి నర్సింగ్ ఫీజు అలాగే ఉన్నాయి. ఖర్చు తగ్గుతుందని మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను. మా అక్కరలు తీరాలని బుధ, శుక్రవారాలు సాయంత్రం దాకా ఉపవాస ప్రార్థన చేస్తున్నాను. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతున్నాయి. దేవుడు పెట్టే శోధన అనుకుని ఓర్చుకుంటున్నాను. రెండు నెలలుగా మూడింటికే మెలకువ. తెల్లవారకపోతే బాగుండును అనిపిస్తుంది. దేవుడే నడిపిస్తాడని నమ్ముకున్నాను. ఇప్పుడు డాక్టరు దగ్గరకు వెళితే ఆ నమ్మకం సడలినట్టా?

జవాబు: అమ్మా, ఆ చెమటలు, వణుకు చాలావరకు షుగరు పడిపోవడం వల్లే అయి ఉంటాయి. గ్లిమిపిరైడ్ పని క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. మీరు తిన్నదీ లేనిదీ దానికి తెలియదు. మాత్ర వేసుకుని సాయంత్రం దాకా పస్తుంటే రక్తంలో చక్కెర 70 కంటే దిగిపోవచ్చు. దాన్ని ఓర్చుకోకూడదు. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకూ తగ్గకపోతే మళ్లీ తాగండి, తగ్గాక అన్నం తినండి. కోనసీమ కదా, చాలామంది కొబ్బరిబోండాం కొట్టిస్తారు. అందులో చక్కెర తక్కువ, ఆ క్షణానికి చాలదు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దని, 108కి ఫోను చేయమని అమ్మాయికి చెప్పి ఉంచండి.

రోజు మార్చి రోజు మాత్ర వేసుకోవడం పొదుపు కాదు. వేసుకోని రోజు షుగరు ఎగబాకుతుంది, వేసుకుని పస్తున్న రోజు పడిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఉపవాసం సంగతి అక్కడి డాక్టరుకు దాచకండి. మోతాదు మార్చాలో, మాత్రే మార్చాలో ఆయన చూస్తారు. అప్పటిదాకా ఉపవాసం ఆపండి, ప్రార్థన ఎలాగూ ఆగదు.

ఇక తెల్లవారకపోతే బాగుండునని మీరు తేలిగ్గా అనేసిన మాట నాకు తేలిగ్గా లేదు. నేను మీ మతస్థుణ్ణి కాను గానీ, చర్చి పక్కింట్లో ఆదివారం ప్రసంగాలు మైకులో వింటూ పెరిగాను. అలా విన్న ఏలీయా కథ మర్చిపోలేదు. అంతటి ప్రవక్త విసిగిపోయి, చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసేయమని దేవుణ్ణే అడుగుతాడు. దేవదూత వచ్చి మందలించలేదు. తట్టి లేపి రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, మళ్లీ పడుకోనిచ్చింది. రెండోసారి లేపి తినమన్నాకే ప్రయాణం మాట ఎత్తింది. నిద్ర, తిండి లేని మనిషికి దారి చూపినా కనపడదని మా వైద్యంలోనూ తెలిసిన విషయమే. మీరు అడుగుతున్న నడిపింపు ముందు ఒక ముద్ద అన్నంగా, ఒక మాత్రగా వస్తే కాదనకండి.

రెండు వారాలు దాటి దిగులు, తెల్లవారుజాము మెలకువ, బతుకు మీద విసుగు ఉంటే అది కుంగుబాటు కావచ్చు. విశ్వాసం తక్కువైనవాళ్లకే వచ్చే జబ్బు కాదది. మందుతో, మాటతో నయమవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోను చేస్తే ఏ వేళనైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ మూడు గంటల వేళ ఒక్కరే మెలకువతో ఉండకండి, మీవారిని లేపండి. ఆయనకూ నిద్ర పట్టి ఉండదని నా అనుమానం. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే బయటికి పంపించేయండి.

కౌలు బాకీకి నా దగ్గర మందు లేదు. ఆరోగ్య కేంద్రానికి మాత్రం శుక్రవారం దాకా ఆగకండి. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. అన్నం తిని, మాత్రల అట్టలు సంచిలో వేసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి.