విజిల్‌బ్లోయర్ కేసులు పట్టిన మేనకోడలికి

అమ్మలూ,

నీ మొదటి క్లయింటు ఎవరో, కేసేమిటో నిన్న ఫోన్లో నాక్కూడా చెప్పలేదు. ఎంత సంతోషమేసిందో! ఈ పనికి ముందు కావలసింది ఆ నోటి కట్టుబాటే.

అమెరికా ప్రభుత్వాన్ని మోసం చేసి డబ్బు గుంజేవాళ్ల మీద, ఆ గుట్టు తెలిసిన విజిల్‌బ్లోయర్ ప్రభుత్వం తరఫున ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద వేసే దావా కనీసం 60 రోజులు సీలులో, అంటే బయటికి తెలియకుండా, ఉండాలని చట్టం. ప్రభుత్వం గడువు మీద గడువు అడుగుతుంది, ఏళ్లు గడిచిపోతాయి. అన్నాళ్లూ నీ క్లయింటు చాలాసార్లు అదే ఆఫీసుకు వెళ్లాలి, అదే మేనేజరును పలకరించాలి, కేసు మాట బయట పొక్కనివ్వకూడదు. సంతకం పెట్టించుకోకముందే ఇది విడమరిచి చెప్పు. క్లయింటుకొచ్చే వాటా లెక్కలు తర్వాత. ప్రభుత్వం కేసు చేపడితే వసూలైనదాంట్లో 15 నుంచి 25 శాతం, చేపట్టకపోతే 25 నుంచి 30. మందుల కంపెనీ రాన్‌బాక్సీ 2013లో 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాక, దాని గుట్టు బయటపెట్టిన మాజీ ఉద్యోగి దినేశ్ ఠాకూర్‌కు 4.8 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయని అందరూ చెప్పుకుంటారు. ఆయన ఆ ఉద్యోగం వదిలింది 2005లో. మధ్యలో ఆ ఎనిమిదేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించు.

మనవాళ్లెవరైనా వస్తే వీసా సంగతి అడుగు. కక్షతో తీసేస్తే చట్టం ఉద్యోగం తిరిగి ఇప్పిస్తుంది, పోయిన జీతం రెట్టింపు ఇప్పిస్తుంది. కానీ హెచ్-1బీ వాళ్లకు ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండటానికి మిగిలేది మహా అయితే 60 రోజులు. మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడించు.

ఇక కాగితాలు. ఒకావిడ నా దగ్గరికి ఇండియన్ స్టోరు సంచీ నిండా బిల్లులు తెచ్చింది. అందులో కంపెనీకి దాని లాయర్లు రాసిన రహస్య ఈమెయిళ్లు కూడా ఉన్నాయి. అలాంటివి కనబడితే చదవకు, పక్కన పెట్టి సీలు చెయ్యి. లేకపోతే కేసే మలినమవుతుంది. మిగతావాటిలో ఒక్క కాగితం మీద మూడు గంటలు కూర్చున్నాం. మంగళవారం పది గంటలకు ఒక పెద్దాయనకు ఫిజియోథెరపీ చేసినట్టు పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు బిల్లు వెళ్లింది, అదే పది గంటలకు ఆయన డయాలిసిస్ కుర్చీలో ఉన్నాడు. మోసం కేసుల్లో వివరాలు కచ్చితంగా రాయాలనే కోర్టు నియమం రూల్ 9(బి) అడిగేది ఇదే: ఎవరు, ఎప్పుడు, ఏ బిల్లు. "కంపెనీ ఏళ్ల తరబడి మోసం చేస్తోంది" అని పేజీలు నింపితే జడ్జి కొట్టేస్తాడు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఎస్కోబార్ తీర్పు తర్వాత ఇంకోటీ చూపాలి: ఆ అబద్ధం డబ్బు చెల్లింపుకు నిజంగా ముఖ్యమైనదేనని.

అలాగని చెక్కుతూ కూర్చోకు. నేను కూర్చున్నాను. ఒక కేసులో ఇంకో ఆధారం, ఇంకో ఆధారం అంటూ నాలుగు నెలలు ఆలస్యం చేశాను. అదే మోసం మీద వేరొకరు ముందు దావా వేశారని తర్వాత తెలిసింది. మొదట వేసినవాళ్లదే హక్కు. ఉద్యోగం పణంగా పెట్టిన నా క్లయింటుకు పైసా రాలేదు. ఆ తప్పు నాది, ఆయన మొహం నాకింకా గుర్తే. పది బిల్లులు గట్టిగా ఉంటే చాలు, వేసెయ్యి.

వేసే రోజు ముందుగా క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి సీలు దావా ఎలా తీసుకుంటారో అడుగు. మామూలు ఈ-ఫైలింగ్‌లో ఒక్క నొక్కు తప్పితే అందరికీ కనబడిపోతుంది. ఫిర్యాదు ప్రతి, ఆధారాల వివరణ అటార్నీ జనరల్‌కూ అక్కడి యూఎస్ అటార్నీకీ (ఆ ప్రాంతపు ఫెడరల్ ప్రభుత్వ లాయరు) పంపాలి. కోర్టు చెప్పేదాకా కంపెనీకి మాత్రం పంపకు.

మీ మావయ్య