తాడు లాగితే తలకిందులయ్యే గంటలు

ప్రశ్న: ఇంగ్లండులో ఊరి చర్చి గంటలు గంటసేపు మోగినా ఒక్క పాట వినపడదు. మెట్ల మీంచి దొర్లినట్టు ఒకటే వరస. వాయించేవాళ్ళకు పాట రాదా, గంటలకు రాదా?

జవాబు: గంటలకే రాదు. కారణం గంట పక్కన బిగించిన చక్రం. పూర్వం అక్కడా గంట ఇరుసు మీద కాస్త అటూ ఇటూ ఊగేదే. తర్వాత పావు చక్రం, అర చక్రం వచ్చి, 17వ శతాబ్దానికి నిండు చక్రం అమరింది. దాని గాడిలో తాడు ఉంటుంది. మొదట ఊపు కొద్దికొద్దిగా పెంచుతూ గంట మూతి పైకి తిరిగేదాకా లేపుతారు. అక్కణ్ణుంచి ఒక్కో లాగుకి నిండు చుట్టు తిరిగి మళ్ళీ మూతి పైకెత్తి నిలుస్తుంది. చుట్టుకి ఒక్కటే దెబ్బ. ఒక లాగు తాడుకున్న రంగుల ఉన్ని పట్టు మీద (దాన్ని 'శాలీ' అంటారు), మరుసటిది తాడు కొస మీద.

అరటన్ను కంచు అలా తిరుగుతుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య సుమారు రెండు సెకన్లు పడుతుంది. పైన తూగు మీద ఉన్నప్పుడు రవ్వంత ఆపొచ్చు, లేదా రవ్వంత ముందే దింపొచ్చు. అంతకు మించి మన చేతిలో లేదు. అందుకే వరసలో ఏ గంటైనా ఒక్కసారికి ఒక్క స్థానమే జరుగుతుంది. ఆ ఇబ్బందినే ఆటగా మార్చుకున్నారు. అన్నిటికన్నా చిన్న గంట ఒకటో నంబరు, 'ట్రెబుల్'. అన్నిటికన్నా బరువైంది 'టెనర్'. ఆరు గంటలైతే 123456 తర్వాత 214365, ఆపైన 241635, ఆపైన 426153. పక్కపక్కవి చోటు మార్చుకుంటూ పోవాలి. ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాకూడదు. కాగితం చూడకూడదు, అంతా కంఠతా.

ఈ విద్య మీద మొదటి పుస్తకం 1668లో అచ్చయింది. ఏడు గంటలతో వీలైన వరసలు 5,040. మొత్తం మోగించడానికి దాదాపు మూడు గంటల సమయం పడుతుంది. 1715 మే 2న నారిచ్‌లోని సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చిలో తొలిసారి ఆ లెక్క పూర్తిచేశారు. ఎనిమిది గంటలతో అయితే 40,320. 1963లో లఫ్‌బరోలో ఎనిమిది మంది మనిషి మారకుండా సుమారు 18 గంటల పాటు వాయించి దాన్నీ ముగించారు. విన్నవాళ్ళ ఓపికనూ మెచ్చుకోవాలి!

ప్రశ్న: అక్కడ నేర్చుకునేవాళ్ళు 'స్టే విరిగింది' అంటే అందరూ కంగారుపడతారెందుకు?

జవాబు: 'స్టే' గంటను మోసే దిమ్మకు బిగించిన, యాష్ అనే చెట్టు కర్ర. మూతి పైకి ఉన్న గంట తూగు దాటి అవతలికి పడిపోకుండా ఇది అడ్డుతుంది. మరీ గట్టిగా లాగితే పుటుక్కున విరుగుతుంది. అడ్డు పోయిన గంట తిరుగుతూనే ఉంటుంది, తాడు చక్రానికి చుట్టుకుంటూ సర్రున పైకి పోతుంది. వెంటనే వదిలెయ్యాలి, పట్టుకు వేలాడితే మనిషినీ లేపుకుపోతుంది. విరిగేది కర్రే కావాలి, గంటా ఇరుసూ కాదు. కనుక 'గట్టిదనం కోసం' ఇనపకడ్డీ వెయ్యడం తెలివితక్కువ పని.

ప్రశ్న: గోపురంలో పలక మీద టెనర్ బరువు 12-2-9 అని రాసి ఉంటే ఎంతన్నట్టు?

జవాబు: 12 హండ్రెడ్‌వెయిట్లు, 2 క్వార్టర్లు, 9 పౌన్లు. హండ్రెడ్‌వెయిట్‌కి 112 పౌన్లు, క్వార్టర్‌కి 28. మొత్తం 1,409 పౌన్లు, అంటే దాదాపు 639 కిలోలు.

ప్రశ్న: అంత మందం కంచు పగుళ్ళెలా ఇస్తుంది?

జవాబు: గంట కంచులో రాగి సుమారు 77 పాళ్ళు, తగరం 23. అంత తగరం ఉంటేనే మోత. కానీ లోహం పెళుసు. గంటను ఊపే శ్రమ తప్పించుకుందామని నాలుకకే (గంట లోపల వేలాడుతూ దెబ్బ కొట్టేదానికి) తాడు కట్టి లాగితే ముప్పు. దెబ్బ కొట్టి వెనక్కి ఎగరాల్సిన నాలుక అంచుకు అదిమిపట్టినట్టు ఆగిపోతుంది, అక్కడే చీలిక. రెండోది పాత గంటల జబ్బు: నాలుక వేలాడే ఇనప కొక్కెం పోతపోసేటప్పుడే నడినెత్తిన దిగి ఉంటుంది. అది తుప్పు పట్టి ఉబ్బి చుట్టూ కంచును పగలదీస్తుంది. పగలకముందే దాన్ని తొలిచేసి, నెత్తిన కన్నం గుండా కొత్త కొక్కెం బోల్టుతో బిగించాలి. నాలుక తగిలే చోట గుంటపడితే మాత్రం భయం లేదు. గంటను పావు వంతు తిప్పి బిగిస్తే కొత్త చోట తగులుతుంది.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో గంటలు ఆపేశారట, నిజమేనా?

జవాబు: నిజమే. 1940 జూన్ నుంచి నిషేధం. శత్రువు దిగితే హెచ్చరించడానికే మోగించాలి. ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర యుద్ధంలో గెలుపుకి 1942 నవంబరు 15న మోగించారు, 1943లో నిషేధం ఎత్తేశారు.

ప్రశ్న: చావు గంటకు వేరే గంట ఉంటుందా?

జవాబు: అవే గంటలు. నాలుకకు ఒకవైపే తోలు దిండు కడతారు. ఒక దెబ్బ ఖంగున, తర్వాతిది దూరంనుంచి వచ్చినట్టు లోగొంతుతో. వార్లు బిగించి కట్టాలి. వదులైతే దిండు పక్కకు జారి రెండు దెబ్బలూ చెడతాయి.