డిసెంబరులో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం: మబ్బు లేని రోజు చూసి వెళ్ళండి

విజయనగరం నుంచి వస్తున్న అమ్మానాన్నల్ని డిసెంబరులో సియాటిల్ నుంచి శాన్‌డియాగోకి కారులో తీసుకెళ్తూ దారిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ చూపించొచ్చా అని అడిగారు. తప్పకుండా చూపించండి, కాకపోతే ఆకాశం తేటగా ఉన్న రోజే. మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మా అల్లుడు ఇలాగే చలికాలంలో దక్షిణం వైపు వెళ్తూ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు.

సియాటిల్ నుంచి ఐ-5 హైవే మీద రెండు గంటలు వస్తే క్యాజిల్ రాక్. అక్కడ 49వ ఎగ్జిట్‌లో దిగి 504 రోడ్డు పట్టాలి. పెట్రోలు, బాత్రూము పని అక్కడే చూసుకోండి. కొండ వైపు పెట్టిన వెబ్‌కామ్ పొద్దున్నే చూడండి, తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనపడకపోతే ఆ రోజుకి వదిలేయడమే మంచిది, ఎందుకంటే పైకి దాదాపు గంట పడుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు వాలిపోతుంది. 2023 మేలో కొండచరియలు జారి వంతెన కొట్టుకుపోవడంతో కొండకి ఎదురుగా ఉన్న గట్టు, జాన్‌స్టన్ రిడ్జ్‌కి దారి ఆగిపోయింది, తెరిచారో లేదో కనుక్కోండి. అది లేకపోయినా దారిలోనే ఉన్న ఎల్క్ రాక్, క్యాజిల్ లేక్ వ్యూపాయింట్ల దగ్గర కారు ఆపితే కొండ ఎదురుగానే ఉంటుంది, పెద్దవాళ్ళు నడవక్కర్లేదు.

వెళ్ళే ముందు జరిగింది వాళ్ళకి చెప్పండి, లేకపోతే అది మంచు కప్పిన ఒక మొండి కొండలాగే కనిపిస్తుంది. 1980 మే 18 ఉదయం 8:32కి భూకంపం వచ్చి ఉత్తరం వైపు కొండ మొత్తం జారిపోయింది, లోపల బిగబట్టి ఉన్న వేడి వాయువులు, బూడిద పైకి కాకుండా పక్కకి తన్నుకొచ్చాయి. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులకి దిగింది. 57 మంది చనిపోయారు, దూరంగా గట్టు మీద కాపలా కాస్తున్న శాస్త్రవేత్త డేవిడ్ జాన్‌స్టన్ కూడా. ఆ గట్టుకే ఆయన పేరు పెట్టారు.

మా ఆవిడని కదిలించింది మాత్రం చెట్లు. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి ఒక్కసారిగా పడిపోయింది, అదీ చాలాచోట్ల దువ్వినట్టు ఒకే దిక్కుకి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన తీరు చూసినవాళ్ళం, ఎండి తెల్లబడ్డ ఆ మానులు ఇప్పటికీ గట్ల మీద అలాగే పడి ఉండడం చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. కింద కలప కంపెనీ భూముల్లో మళ్ళీ మొక్కలు నాటారు, ఏ సంవత్సరం నాటారో బోర్డులు కూడా ఉన్నాయి. పైన ప్రభుత్వం కాపాడుతున్న భాగంలో మాత్రం ఏమీ నాటకుండా, అడవి తనంతట తాను ఎలా తిరిగొస్తుందో చూడాలని వదిలేశారు. నాన్నగారికి వ్యవసాయం తెలిస్తే ఈ రెండూ పక్కపక్కన చూపించండి, ఆయనే మీకు చాలా చెబుతారు.

ఏప్ కేవ్ అనే లావా గుహ ఈ ప్రయాణంలో పెట్టుకోవద్దు, అది కొండకి దక్షిణం వైపు ఉంది, చలికాలంలో దానికి వెళ్ళే గేటు మూసేస్తారు. మబ్బు పట్టి కొండ కనపడకపోయినా బాధపడకండి, కాలిఫోర్నియాలోకి దిగాక 14,179 అడుగుల షాస్తా హైవే మీదకే కనిపిస్తుంది, అదీ అగ్నిపర్వతమే. దానికి ముందు ఆరెగాన్ సరిహద్దులో సిస్కియూ కనుమ దాటాలి, అక్కడ మంచు పడితే టైర్లకి వేసే చైన్లు లేని కార్లని ఆపేస్తారు, కాబట్టి అవి కొని డిక్కీలో పెట్టుకునే బయల్దేరండి.