అడగండి – చెబుతాం: అద్దం ముక్క, పట్టు పోగు, అయస్కాంతం

ప్రశ్న: 1830లలో జర్మనీ శాస్త్రవేత్తలు గౌస్, వెబర్ అయస్కాంతపు కదలికల్ని చూసి దేశదేశాల వాళ్లతో లెక్కలు పంచుకునేవారట. మా పిల్లలతో చేయిద్దామని దిక్సూచి పెట్టి రెండు రోజులు చూశాం. ముల్లు కదిలితే ఒట్టు. తప్పెక్కడ జరిగింది?
– సైన్స్ టీచర్, హనుమకొండ

జవాబు: తప్పు మీది కాదు, దిక్సూచిది. మన వైపు ముల్లు రోజు మొత్తంలో తిరిగేది డిగ్రీలో ఇరవయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. అది కంటికి ఆనదు. అందుకే గౌస్ అయస్కాంతానికి అద్దం బిగించి, అందులో కనిపించే స్కేలును దూరం నుంచి టెలిస్కోపుతో చదివాడు. మీకు లేజర్ లైటు చాలు (పిల్లల కళ్లు జాగ్రత్త); దాన్ని అద్దం మీద వేసి, తిరిగొచ్చే చుక్క స్కేలు మీద పడేలా పెట్టండి. అద్దం ఎంత తిరిగితే వెలుగు దానికి రెట్టింపు తిరుగుతుంది. స్కేలు 3 మీటర్ల దూరాన ఉంటే చుక్క 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక్క మీటరే అయితే 2 మిల్లీమీటర్లు కూడా జరగదు.

అయస్కాంతాన్ని వేలాడదీయడానికి మగ్గం వాళ్ల దగ్గర పురి పెట్టని పట్టు పోగు అడగండి. పురి మిగిలితే అది అయస్కాంతాన్ని తన పక్కకు గుంజుతుంది. కాబట్టి ముందు అంతే బరువున్న ఇత్తడి ముక్కను కర్ర చట్రానికి ఒక రోజు వేలాడదీసి, తిరగడం ఆగాకే అయస్కాంతం తగిలించండి. కింద మందపాటి రాగి రేకు పెడితే ఊపు త్వరగా తగ్గుతుంది. గాలి తగలకుండా పైన చేపల తొట్టి బోర్లించండి. గుండ్రటి సీసా అయితే వెలుగు వంకర పోతుంది.

గౌస్ 1833లో కట్టించిన గదిలో ఇనుమన్నదే వాడలేదు. మీ స్లాబులో చువ్వలున్నాయని బెంగ పడకండి. కదలని ఇనుము, గుట్ట రాయి ఒకే పక్కకు లాగి ఊరుకుంటాయి, రోజువారీ తేడా చెడదు. చెడగొట్టేవి కదిలేవే: గోడవతల ఆపే బండి, ఇనుప తలుపు, చదివేవాడి జేబులో తాళాలు, ఫోను.

ఇక పంచుకోవడం. గౌస్, వెబర్‌లతో లెక్కలు పంచుకునే కూటమి వాళ్లు ముందే అనుకున్న రోజున 24 గంటలూ, 5 నిమిషాలకొకసారి, ఏ దేశంలో ఉన్నా గౌస్ ఉండే జర్మనీ ఊరు గోటింగెన్ గడియారం ప్రకారమే చదివేవారు. అక్కడ మిట్టమధ్యాహ్నమైతే మనకు సాయంత్రం 4 గంటల 50 నిమిషాలు. మీరూ జగిత్యాలలోనో మంచిర్యాలలోనో ఇంకో బడిని కలుపుకోండి. రెండు చోట్లా ఒకే నిమిషంలో చుక్క ఊగిందా, భూమి అయస్కాంత క్షేత్రమే కదిలినట్టు. మీ దగ్గరే ఊగితే, ఎవరో బండి తీసినట్టు!

ప్రశ్న: ఫోన్లో గాలి పీడనం రోజూ సాయంత్రం 4 గంటలకు పడిపోతున్నది. వాన పడుతుందా?
– రైతు, పరకాల

జవాబు: దాన్ని చూసి పత్తి కప్పకండి. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, పదింటి ప్రాంతంలో పెరిగి నాలుగింటి ప్రాంతంలో తగ్గుతుంది. 3 మిల్లీబార్ల దాకా తేడా మామూలే. జర్మనీ శాస్త్రవేత్త హంబోల్ట్ దక్షిణ అమెరికాలో దీన్ని గంట గంటకూ రాసుకున్నాడు. మీరు నేటి 4 గంటల అంకెను నిన్నటి 4 గంటల అంకెతోనే, అదే చోట నిలబడి పోల్చండి. మేడెక్కితే సుమారు 9 మీటర్లకు 1 మిల్లీబారు దానంతటదే తగ్గుతుంది.