పాత పట్టుచీరలు అమ్మితే కౌన్సెలర్ జీతం వస్తుందా?

ప్రశ్న: ఇంట్లో హింస పడలేక బయటికొచ్చిన ఆడవాళ్లకు మా సొసైటీ కౌన్సెలింగ్, కోర్టు సాయం, ఉండటానికి షెల్టర్ అందిస్తోంది. మార్చితో గ్రాంటు ఆగిపోతుంది. దాతలిచ్చే పాత పట్టుచీరలు అమ్మి కౌన్సెలర్ జీతమైనా రాబట్టుకోగలమా?
– ఒక కార్యదర్శి, మల్కాజిగిరి

జవాబు: రాబట్టుకోవచ్చు. మొదటి ఏడాదే అని మాత్రం ఆశ పెట్టుకోకండి. అద్దె 15 వేలు, దుకాణంలో ఉండే మనిషికి 15 వేలు, కరెంటు, ఆటోలు కలిపి 5 వేలు అనుకుందాం. మొత్తం నెలకు 35 వేలు. చీర సగటున 800కి పోయి, డ్రైక్లీనింగు, రోలింగుకు 100 తీసేస్తే మిగిలేది 700. అంటే యాభయ్యో చీర అమ్ముడయ్యేదాకా దుకాణాన్ని మీరే పోషించాలి. కౌన్సెలర్‌కు 20 వేలు రావాలంటే ఆపైన మరో 29 చీరలు పోవాలి. రోజుకు మూడు చీరలన్నమాట. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో అది జరిగే పనే. ఆషాఢం డిస్కౌంట్లలో కొత్తవే చౌకగా దొరుకుతాయి, మూఢాల్లో పెళ్లిళ్లే ఉండవు. అందుకే మూడు నెలల ఖర్చు, 1,05,000 రూపాయలు, పక్కన పెట్టకుండా షట్టర్ ఎత్తొద్దు.

దెబ్బ తగిలేది సరుకు దగ్గరే. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉన్న పట్టు ఆ గీత వెంటే చిట్లుతుంది. చీర మొత్తం విప్పి, వెనక ఫోన్ టార్చి పట్టి ఒక్కో మడతా చూడండి. సూదిమొనంత చుక్కల్లో వెలుతురు కనిపిస్తే రోలింగుకు పంపకండి, అక్కడ లాగేసరికి తెగుతుంది. అంచూ కొంగూ బాగుంటే పిల్లల పట్టులంగాలకు కోయించండి. జరీ నల్లబడితే ధర తగ్గించి, ఆ సంగతి చీటీ మీదే రాయండి. మడతల్లో నోట్లు, ఫొటోలు ఉండిపోతుంటాయి కాబట్టి ఇచ్చినవారి ఎదుటే విప్పి చూసుకోవడం మేలు.

పన్ను విషయంలో ఆడిటర్‌ను ముందే కలవండి. ఆదాయపన్ను చట్టంలో మీ సొసైటీ ‘సాధారణ ప్రజాప్రయోజనం’ అనే విభాగం కిందికి వస్తే, వ్యాపార రాబడి ఆ ఏడాది మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. దాటితే ఆ ఏడాది పన్ను మినహాయింపు పోతుంది. దుకాణానికి వేరే లెక్కల పుస్తకాలు తప్పనిసరి. విడిగా ప్రైవేటు కంపెనీ పెట్టాలనుకుంటే దాని షేర్లు సొసైటీ డబ్బుతో కొనకండి, మినహాయింపుకే ముప్పు. తెలంగాణలో అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించాలి.

ఇంకో మాట. దుకాణం డబ్బు మీద షెల్టర్ అద్దె ఆధారపడకూడదు. ఒక నెల అమ్మకాలు పడిపోతే ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? గ్రాంటు డబ్బు రాని ఖర్చులకు దాన్ని ముందు వాడండి: కోర్టుకు ఆటో, సర్టిఫికెట్ల నకళ్లు, అద్దె గదికి అడ్వాన్సు.

ప్రశ్న: మా దగ్గరున్న అమ్మాయిలనే దుకాణంలో పెట్టొచ్చా? చీర చీటీ మీద వాళ్ల కథ రాస్తే బాగా అమ్ముడవుతాయంటున్నారు.
– వాలంటీరు, ఉప్పల్

జవాబు: కథ వద్దు, పేరు మార్చి కూడా వద్దు. లైంగిక దాడికి గురైనవారి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, తన బాధను సరుకుతో కలిపి అమ్మమని ఆమె మనల్ని అడగలేదు.

పని తప్పకుండా ఇవ్వండి, కానీ కౌంటర్‌లో కాదు. వెతుక్కుంటూ వచ్చే భర్తకు ముందు కనిపించేది అక్కడే. చీరలు విప్పి చూడటం, ఫాల్ కుట్టడం లోపలి గదిలో చేసే పనులు. కుట్టుపనే ఇవ్వాలనీ లేదు. 1996లో మన హైదరాబాద్‌లోనే మొదలైన ప్రజ్వల సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడ్డ ఆడవాళ్లకు వెల్డింగ్, వడ్రంగం కూడా నేర్పింది. క్యూఆర్ కోడ్ సొసైటీ ఖాతాదే ఉండాలి. ఆమె నంబరుదైతే డబ్బు కట్టిన ప్రతివారికీ ఆమె పేరు కనిపిస్తుంది.

జీతానికి ఆమె సొంత నంబరుతో కొత్త ఖాతా తెరిపించండి. పాత ఖాతాకు భర్త నంబరు ఉంటే జీతం పడగానే మెసేజ్ అతనికే పోతుంది. ‘ట్రైనింగ్’ అంటూ కనీస వేతనం కన్నా తగ్గించకండి, జీతం చీటీ ఇవ్వండి. భరణం కేసులో ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. సంపాదిస్తున్నంత మాత్రాన భరణం హక్కు పోదు, దాచిపెడితేనే కేసు దెబ్బతింటుంది.

ప్రశ్న: కొన్న చీరతో పాటు సంచిలో హెల్ప్‌లైన్ కార్డు పెట్టొచ్చా?
– అదే వాలంటీరు

జవాబు: వద్దు, ఆ సంచి ఇంట్లో ఎవరు విప్పుతారో తెలియదు. చీర కట్టి చూసుకునే గది తలుపుకు లోపలివైపు మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181 అని పెద్దగా రాసి అంటించండి.