ఒసాకా వెళ్లబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆ అబ్బాయి నిన్ను తన అమ్మానాన్నల దగ్గరికి తీసుకువెళుతున్నాడని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చాలా సంతోషం. జపాన్‌లో పెళ్లి ఆలోచన గట్టిపడ్డాకే సాధారణంగా ఆ పని చేస్తారు. మా చిన్నమ్మాయి ఆ దేశపు కోడలు కాబట్టి, వియ్యాలవారింట్లో మెసలి తెలుసుకున్నవి నీకు రాస్తున్నాను.

ముందు భోజనం సంగతి. నువ్వు చేపలు తినవు కదా, ఆ మాట అతనే వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పాలి. అక్కడ కూరగాయల పులుసు కూడా చాలావరకు ఎండుచేప కాచిన నీళ్లతోనే చేస్తారు, పైకి చూస్తే తెలియదు. ఆవిడ రోజంతా శ్రమపడి వండి వడ్డించాక నువ్వు గిన్నె పక్కకు జరిపితే ఇద్దరికీ కష్టమే. ముందే తెలిస్తే ఆవిడే సముద్రపు నాచుతోనో ఎండు పుట్టగొడుగులతోనో పులుసు కాస్తుంది.

మర్యాదలన్నీ బట్టీపట్టి కంగారుపడకు. చావుతో ముడిపడ్డవి రెండున్నాయి, వాటి దగ్గర మాత్రం జాగ్రత్త. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. చాప్‌స్టిక్స్‌తో పట్టుకున్న ముక్కను ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు అందించకూడదు. దహనం తర్వాత అయినవాళ్లు అస్థికలను అలాగే ఒకరికొకరు అందించుకుని కలశంలో వేస్తారు. ఎవరైనా నీకేదైనా ఇవ్వబోతే నీ పళ్లెం ముందుకు జరుపు.

గుమ్మం దగ్గర బూట్లు విడిచి, మొనలు వాకిలి వైపు తిప్పిపెట్టు. లోపల తొడుక్కోమని ఇచ్చే చెప్పులతో చాపలు పరిచిన గదిలోకి వెళ్లకు. మరుగుదొడ్డి చెప్పులు వేరుగా ఉంటాయి. పొరపాటున వాటితోనే బయటికి వచ్చినా ఏమీ అనుకోరు.

రాత్రి ఉండిపొమ్మంటే మొదటి స్నానం నీకే ఇవ్వవచ్చు, అది అతిథికి చేసే గౌరవం. టబ్బు బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్లు కడుక్కున్నాకే టబ్బులో దిగు. వచ్చేటప్పుడు నీళ్లు వదిలేయకు తల్లీ, ఇంటిల్లిపాదీ ఆ వేడినీళ్లలోనే దిగుతారు.

నువ్వు తీసుకెళ్లిన కానుకను రెండు చేతులతో అందించు. వాళ్లు నీ ఎదుట విప్పకపోయినా చిన్నబుచ్చుకోకు. వాళ్ల నాన్న ఎక్కువ మాట్లాడకపోతే నువ్వు నచ్చలేదని అనుకోవద్దు. మా వియ్యంకుడు మొదటి రోజు నాతో రెండు మాటలు కూడా ఆడలేదు. మేము బయలుదేరినప్పుడు మాత్రం వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడే ఉన్నాడు.

పెళ్లయ్యాక ఎక్కడ ఉంటారు, పెద్దవయసులో వాళ్లను ఎవరు చూసుకుంటారు అన్నది నువ్వూ అతనూ ముందే తేల్చుకోండి. వాళ్లు అడిగినప్పుడు అతను నీ ముఖం చూడకూడదు, తనే జవాబు చెప్పాలి. ఇంటిపేరు మార్చుకోవాలేమోనని బెంగపడకు. భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలన్న అక్కడి నియమం విదేశీయులతో జరిగే పెళ్లికి వర్తించదు.

మర్నాడే ధన్యవాదాలు చెబుతూ కబురు పంపు. మళ్లీ ఎప్పుడు కలిసినా ఆ రోజు ఆతిథ్యానికి ఇంకోసారి ధన్యవాదాలు చెప్పాకే వేరే మాట ఎత్తు. అక్కడ అందరూ అలాగే చేస్తారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ