కొడుకు ఇజ్రాయెల్‌లో, తల్లికి నిద్రలేదు: పాస్టర్ గారికి నా సమాధానం

వందనాలు బ్రదర్. సోంపేట దగ్గర మీ సంఘంలో ఒకామె కొడుకు ఇజ్రాయెల్ పనికెళ్ళాడు, సైరన్ల వార్తలు చూసి ఆమె నిద్రపోవట్లేదు, ఏటి చెప్పాలో తోచట్లేదు అన్నారు కదా. ప్రసంగం ఏమీ వద్దండి. గాజాలో హోలీ ఫ్యామిలీ చర్చి ఉంది, 2023 అక్టోబర్లో యుద్ధం మొదలయ్యాక వందలమంది అందులోనే తలదాచుకున్నారు, పోప్ ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్లో పోయేదాకా దాదాపు రోజూ సాయంత్రం అక్కడికి ఫోన్ చేసేవారు, చేసి ఏటి అడిగేవారంటే, ఈరోజు ఏం తిన్నారు అని! మన వీధి పలకరింపే. ఆ జులైలో చర్చి మీద దాడి జరిగి ముగ్గురు పోయారు, ఆ చర్చి ఫాదర్ గాబ్రియేల్ రొమనెల్లి కాలికి దెబ్బ తగిలింది, అయినా ఆయన జనాన్ని వదిలి రాలేదు.

మీరూ రోజూ ఒకే టైముకి ఆమె ఇంటికెళ్ళి కుర్రాడికి వాట్సాప్ కాల్ కలపండి. ఎండాకాలం వాళ్ళ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, చలికాలం మూడున్నర, అది చూసుకోండి. సైరన్ మోగితే దాక్కునే షెల్టర్ ఎంత దూరమో కుర్రాడిని అడగండి, టెల్ అవీవ్‌లో మన ఎంబసీ హెల్ప్‌లైన్ నంబరు ఇద్దరి ఫోన్లలో సేవ్ చేయించండి. టీవీ మాత్రం కట్టించెయ్యండి బాబూ. ఆదివారం ప్రార్థనలో పేరెత్తే ముందు ఆమెని అడగండి, ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు సంగతి నలుగురి నోళ్ళలో పడుతుందని కొందరికి భయం.